టెక్ సందేహాలు: కనిపించని 26 ముక్కలు

పోయిన నెల ఫోన్‌లో ఆడే పేకాట ఆప్‌ల గురించి ఇక్కడ రెండు ముక్కలు రాశాను. రమ్మీ ఆడేవాళ్లు చదివి ఊరుకున్నారు, బ్రిడ్జ్ ఆడేవాళ్లు మాత్రం ఊరుకోలేదు. వాళ్ల ఉత్తరాలకే ఈ వారం మొత్తం కేటాయిస్తున్నాను. ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట: ఇద్దరేసి జోడీలుగా నలుగురు ఆడతారు, చేతికి 13 ముక్కలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక ‘ట్రిక్’. ఎన్ని ట్రిక్‌లు గెలుస్తామో ముందే పాడుకోవడం ‘బిడ్డింగ్’. పాట గెలిచి ఆడేవాడు ‘డిక్లేరర్’, బల్ల మీద పరిచిన అతని జోడీ చేయి ‘డమ్మీ’. ఇక్కడ వెస్ట్, ఈస్ట్ అంటే ప్రత్యర్థులిద్దరూ, కనిపించని 26 ముక్కలు వాళ్లవే. బ్యాటరీ, వైఫై సమస్యలు రాసినవాళ్లు ఒక వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: రిటైరయ్యాక ఫోన్‌లో రోబోలతో బ్రిడ్జ్ ఆడుతున్నాను. మొన్న 6 నో ట్రంప్ (తురుపు లేకుండా 12 ట్రిక్‌లు గెలవాల్సిన పాట) ఆడి ఒక్క ట్రిక్ తక్కువై పోయాను. ఆట అయ్యాక ఆప్ ‘12 ట్రిక్‌లు వస్తాయి’ అని చూపించింది. కళావరు రాణి ఎవరి దగ్గరుందో నాకెలా తెలుస్తుంది? ఆప్‌కి నాలుగు చేతులూ కనిపిస్తాయి కాబట్టి ఎన్నయినా చెబుతుంది. ఆట నడుస్తుండగానే ఇలా చెప్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? స్క్రీన్‌షాట్ జత చేశాను. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆట మధ్యలో చెప్పేదాని కోసం వెతక్కండి సార్. ఆన్‌లైన్ టోర్నమెంట్లలో రెండో అకౌంట్‌తో ప్రేక్షకుడిలా లోపలికొచ్చి నాలుగు చేతులూ చూసి ఆడి, దొరికిపోయి, సస్పెండ్ అయినవాళ్లున్నారు. ఇంట్లో రోబోలతో ఆడుకునేటప్పుడు ఎవరూ పట్టుకోరు కానీ, అప్పుడిక ఆట ఎందుకు?

మీ ఫిర్యాదులో సగం మాత్రం నిజమే. ఆట ముగిశాక ఆప్ చూపించే అంకె ‘డబుల్ డమ్మీ’ లెక్క. నాలుగు చేతులూ బల్ల మీద పరిచేసి, అందరూ తప్పు చేయకుండా ఆడితే ఎన్ని ట్రిక్‌లు వస్తాయన్నదే అది. స్వీడన్‌కు చెందిన బో హాగ్లండ్ రాసిన సాల్వర్ కోడ్ అందరికీ ఉచితం. చాలా బ్రిడ్జ్ ప్రోగ్రాంలు లోపల దాన్నే వాడుకుంటాయి. దానికి ఊహించడం అనే పనే లేదు. రాణి ఎడమ పక్కనుంటే ఎడమకి, కుడి పక్కనుంటే కుడికి ఫినెస్ (పెద్ద ముక్క దాచుకుని, దానికన్నా చిన్నదానితోనే ట్రిక్ గెలవడానికి చూసే ఎత్తు) చేసేస్తుంది. కాబట్టి అది 12 అన్నంత మాత్రాన మీరు తప్పాడినట్టు కాదు.

కాకపోతే, ఈ ఆటలో మాత్రం మీరు తప్పాడారు. ముక్కలేవీ చూడకుండానే ఆ రాణి ఎటుందో చాలావరకు తెలుసుకోవచ్చు. స్క్రీన్‌షాట్ చూసి చెబుతున్నాను.

మీ చేతిలో కళావరు ఆసు, జాకీ, 4. డమ్మీలో రాజు, 10, 5. మిగతా మూడు రంగుల్లో 9 ట్రిక్‌లు ఖాయం, ఒక ఇస్పేటు పోతుంది. ఆ ఇస్పేటును మీరు రెండో ట్రిక్‌లోనే వదిలేశారు, చాలా బాగుంది. ఆ తర్వాత ఇస్పేట్లు ఆసు, రాజు కొట్టారు. మొత్తం మూడో ఇస్పేటుకి వెస్ట్ వేరే రంగు వేశాడు. ఆటీన్ మూడోసారి ఆడినప్పుడు ఈస్ట్ దగ్గర అయిపోయింది. డైమన్ రెండోసారికే వెస్ట్ చేతులెత్తేశాడు. మీరు నాలుగు డైమన్లూ కొట్టి, చివరి మూడు కళావర్ల దగ్గరికొచ్చి, కాసేపు ఆలోచించి (ఆప్ టైమర్ 40 సెకన్లు చూపిస్తోంది), ఈస్ట్ మీద ఫినెస్ చేశారు. రాణి వెస్ట్ దగ్గరుంది.

ఆ 40 సెకన్లలో చేయాల్సింది కూడికే. మీ రెండు చేతుల్లో కలిపి ఇస్పేట్లు 7, అంటే వాళ్ల దగ్గర 6. వెస్ట్‌కి రెండే ఉన్నాయి కాబట్టి ఈస్ట్‌కి 4. ఆటీన్లు మీ దగ్గర 6, వాళ్ల దగ్గర 7. ఈస్ట్‌కి రెండు, కాబట్టి వెస్ట్‌కి 5. డైమన్లు మీ దగ్గర 7, వాళ్ల దగ్గర 6. వెస్ట్‌కి ఒకటి, ఈస్ట్‌కి 5. ఇప్పుడు వెస్ట్ చేయి కూడండి: 2, 5, 1 కలిపితే 8. ఎవరి చేతిలోనైనా మొదట 13 ముక్కలే ఉంటాయి కాబట్టి వెస్ట్‌కి వచ్చిన కళావర్లు 5. ఈస్ట్‌వి 11 తేలాయి, అంటే అతని కళావర్లు 2. కనిపించని ఏడు కళావర్లలో అయిదు ఒకరి దగ్గర, రెండు ఇంకొకరి దగ్గర ఉంటే రాణి ఎటు ఉండొచ్చు? అయిదున్న వైపు ఉండే అవకాశం ఏడింట అయిదు, సుమారు 71 శాతం. డమ్మీ నుంచి 5 ఆడి ఆసుతో గెలిచి, మీ 4 ఆడి, వెస్ట్ చిన్నది వేస్తే 10 పెట్టడమే.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు, మీరూ అక్కడే పొరబడ్డారనుకుంటున్నాను. వెస్ట్ మధ్యలో రెండు చిన్న కళావర్లు పారేశాడు. ‘ఇప్పుడతని దగ్గర మూడే ఉన్నాయి, ఈస్ట్ దగ్గర రెండున్నాయి, ఇంచుమించు సమానమే కదా’ అనిపిస్తుంది. సమానం కాదు. రాణి ఉన్నవాడు రాణిని పారేయడు, చిన్నవే పారేస్తాడు. ఆ చిన్న ముక్కలు పడినంత మాత్రాన రాణి ఈస్ట్ దగ్గరికి నడిచిపోదు. ముక్కలు పంచినప్పటి 5-2 లెక్కే చివరిదాకా నిలుస్తుంది.

నలుగురి చేతులూ లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు, అవసరం కూడా లేదు. ప్రత్యర్థుల్లో ఒకడినే పట్టుకోండి, రెండోవాడిది తీసివేతలో వచ్చేస్తుంది. ఇంకో చిట్కా, చేతుల ఆకారాలను ఏటీఎం పిన్‌ల్లా గుర్తుపెట్టుకోండి: 4432, 5332, 5431, 5422, 4333. వంద చేతుల్లో 71 దాకా ఈ అయిదింటిలోనే ఉంటాయి. 4432 ఒక్కటే 21 శాతం పైన. ఒక చేతిలో 5, 4, 3 తెలిశాయంటే నాలుగోది ఒకటే అని కూడకుండానే నోటికొస్తుంది. మీ ఈస్ట్‌ది 5422. వెస్ట్‌ది 5521, అది మాత్రం వందలో మూడుసార్లే వస్తుంది.

ప్రాక్టీస్‌కి కొత్త ఆప్ ఏదీ కొనక్కర్లేదు. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే సైట్‌లో పాత ఆటను తెరిస్తే ట్రిక్ తర్వాత ట్రిక్ నడిపించుకుంటూ చూడొచ్చు. ప్రత్యర్థుల చేతులను అట్టముక్కతో కప్పేసి (వెటకారం కాదు, నేనూ అదే చేస్తాను), పదో ట్రిక్ దగ్గర ఆపి, వెస్ట్ చేయి కాగితం మీద రాసి, అప్పుడు అట్ట తీయండి.

రోబో గురించి కూడా ఒక మాట చెప్పాలి. మీతో ఆడే రోబో మీ ముక్కలు చూసి ఆడటం లేదు. 1998లో ప్రపంచ కంప్యూటర్ బ్రిడ్జ్ పోటీ గెలిచిన, మాథ్యూ గిన్స్‌బర్గ్ తయారుచేసిన జిబ్ అనే ప్రోగ్రాం దగ్గర్నుంచి ఇలాంటివాటి పద్ధతి దాదాపు ఒకటే. బిడ్డింగ్‌కి, అప్పటిదాకా పడిన ముక్కలకి సరిపోయేలా కనిపించని చేతులను యాదృచ్ఛికంగా పదుల కొద్దీ పంచుకుంటాయి. ఒక్కోదాన్నీ డబుల్ డమ్మీలో సాల్వ్ చేసి, ఎక్కువసార్లు పనికొచ్చిన ముక్కను ఆడతాయి. మీరు 13 వరకు కూడిక చేస్తే, అది అదే సమాచారాన్ని బండగా వందసార్లు తిప్పి చూస్తుంది. దానికో బలహీనత ఉంది. సాల్వ్ చేసే ప్రతిసారీ అన్నీ కనిపిస్తున్నట్టే లెక్క వేస్తుంది కాబట్టి, ‘రాణి సంగతి ఎలాగూ తర్వాత తెలిసిపోతుందిలే’ అన్న ధీమా దానికి ఉంటుంది. సమాచారం రాబట్టడం కోసమే ముందుగా ఒక ఇస్పేటు వదలాలి అన్న ఆలోచన దానికి సహజంగా రాదు. మీకు వచ్చింది.

ప్రశ్న: ఒక రంగులో ప్రత్యర్థుల దగ్గరున్న అయిదు ముక్కలు 3-2గా ఉండే అవకాశం 68 శాతమని పుస్తకాల్లో ఉంటుంది. ఈ లెక్క ఎక్సెల్‌లో ఎలా చేయాలి? వాళ్ల బిడ్డింగ్ వల్ల ఈ అంకె మారుతుందా? (హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని)

జవాబు: కాంబిన్ అనే ఫంక్షన్ ఒక్కటి చాలు, గూగుల్ షీట్స్‌లో కూడా ఉంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి:

=2*కాంబిన్(5,2)*కాంబిన్(21,11)/కాంబిన్(26,13)

అయిదింటిలో రెండు వెస్ట్‌కి వెళ్లాలి, మిగతా 21 ముక్కల్లో 11 అతనికే వెళ్లాలి, మొత్తం 26లో 13 పంచే పద్ధతులతో భాగించాలి. మూడు వెస్ట్‌కి వెళ్లినా 3-2నే కాబట్టి మొదట 2తో గుణించాం. జవాబు 67.8 శాతం. ఇదే పద్ధతిలో 4-1కి 28.3, 5-0కి 3.9 వస్తాయి.

మీ రెండో ప్రశ్న అసలైంది. పుస్తకంలో ఉన్న అంకె బిడ్డింగ్‌లో ఎవరూ నోరు విప్పనప్పటిది. వెస్ట్ ‘3 ఆటీన్లు’ అన్న పాటతో (సాధారణంగా ఏడు ఆటీన్లున్నవాడు పాడేది) బిడ్డింగ్ మొదలుపెట్టాడనుకోండి, అతని దగ్గర ఏడు ఆటీన్లు ఉన్నాయనుకుందాం. మీ రెండు చేతుల్లో నాలుగుంటే ఈస్ట్‌కి రెండు. అంటే వెస్ట్ చేతిలో ఇంకా ఖాళీలు 6, ఈస్ట్ చేతిలో 11. సినిమా హాల్లో సీట్లలా ఊహించుకోండి. ఇస్పేటు రాణి ఈ 17 సీట్లలో ఎక్కడో కూర్చుంది. ఈస్ట్ వైపు ఉండే అవకాశం 17లో 11, దాదాపు 65 శాతం.

మీ దగ్గర తొమ్మిది ఇస్పేట్లున్నాయనుకుంటే, రాణితో కలిపి వాళ్ల దగ్గర నాలుగు. మామూలుగా 2-2 అవకాశం 40.7 శాతం. ఇప్పుడు ఫార్ములాలో అంకెలు మార్చండి:

=కాంబిన్(4,2)*కాంబిన్(13,4)/కాంబిన్(17,6)

34.7 శాతమే వస్తుంది. వెస్ట్‌కి ఒకటి, ఈస్ట్‌కి మూడు ఉండే అవకాశం 41.6. తొమ్మిదుంటే ఫినెస్ చేయకూడదని మీ క్లబ్బులో పెద్దవాళ్లు చెప్పి ఉంటారు. వెస్ట్ మూడు ఆటీన్లు అన్న రోజు ఆ మాట పక్కన పెట్టి ఈస్ట్ మీద ఫినెస్ చేయండి.

షీట్‌లో వెస్ట్ ఖాళీలు, ఈస్ట్ ఖాళీలు, మిగిలిన ముక్కలు అని మూడు గడులు పెట్టుకుంటే ఏ ఆటకైనా పనికొస్తుంది. టేబుల్ దగ్గర మాత్రం తెరవొద్దు.

ప్రశ్న: మా క్లబ్బులో చేత్తో కలిపి పంచినప్పుడు చేతులు మామూలుగా ఉండేవి. కంప్యూటర్ పంచడం మొదలుపెట్టాక ఏడేసి ముక్కల రంగులు, ఒక రంగు అసలే లేని చేతులు ఎక్కువయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో ఏదో మతలబు ఉందని మా వాళ్ల అనుమానం. (గుంటూరు)

జవాబు: ఈ అనుమానం కంప్యూటర్ పంపకం వచ్చిన ప్రతి చోటా వచ్చింది. మతలబు మీ చేతుల్లోనే ఉంది. ఆట ముగిసేసరికి ఒకే రంగు ముక్కలు నాలుగేసి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. రెండుసార్లు కలిపి, ఒక్కొక్కటిగా పంచితే ఆ నాలుగూ తలా ఒకటి వెళ్లిపోతాయి. అందుకే చేతులు చదునుగా వచ్చేవి. పేకను రెండు భాగాలు చేసి ఒకదానిలోకి ఒకటి జారవిడిచే పద్ధతిలో బాగా కలవాలంటే ఏడుసార్లయినా చేయాలని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్ లెక్కగట్టారు. టీ చల్లారిపోతుందని మీవాళ్లు మూడోసారికే ఆపేస్తారని నా అనుమానం.

నిజమైన పంపకంలో ఇరవై చేతుల్లో ఒకదానికి ఏదో ఒక రంగు పూర్తిగా ఉండదు. ఆరు ముక్కలు బయట ఉంటే అవి 3-3గా ఉండేది 35.5 శాతం, 4-2గా ఉండేది 48.4. చేత్తో పంచిన రోజుల అలవాటుతో 3-3 మీద పందెం కాసేవాళ్లకు కంప్యూటర్ శత్రువులాగే కనిపిస్తుంది.

అయితే సాఫ్ట్‌వేర్‌ని గుడ్డిగా నమ్మమనడం లేదు. బ్రిడ్జ్‌లో సాధ్యమయ్యే పంపకాల సంఖ్య 29 అంకెలది. దాన్ని పట్టాలంటే 96 బిట్లు కావాలి. ఎవరైనా కుర్రాడు సరదాగా రాసిన ప్రోగ్రాం 32 బిట్ల విత్తనంతో (సీడ్, అంటే పంపకం లెక్క మొదలయ్యే అంకె) మొదలైతే, అది జీవితంలో పంచగలిగేవి దాదాపు 429 కోట్ల పంపకాలే. వినడానికి ఎక్కువే కానీ, అసలు సంఖ్య ముందు సముద్రంలో కాకిరెట్ట. ఆ ఇబ్బంది లేకుండా టోర్నమెంట్ల కోసమే రాసిన బిగ్ డీల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మీ క్లబ్బు ఏది వాడుతోందో అడగండి.

ప్రశ్న: స్క్రీన్‌షాట్‌ను ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చి ప్రత్యర్థుల చేతులు చెప్పమంటే చెబుతుందా? (డల్లాస్ నుంచి)

జవాబు: చెబుతుంది, చాలా ధైర్యంగా చెబుతుంది. నేను అడిగినప్పుడు వెస్ట్‌కి 14 ముక్కలు ఇచ్చింది, అందులో డైమన్ రాజు డమ్మీలో అప్పటికే ఉంది. ఒక చాట్‌బాట్‌ని ఒకసారి అడిగిన అనుభవమే ఇది, మీకు వేరేలా రావొచ్చు. జవాబు ఏదొచ్చినా ముందు చేతికి 13 ఉన్నాయో లేదో, రంగుకి 13 ఉన్నాయో లేదో సరిచూడండి. బ్రిడ్జ్ కోసమే చేసిన ఏఐ సంగతి వేరు. 2022 మార్చిలో పారిస్‌లో నుక్ అనే ప్రోగ్రాం ఎనిమిది మంది ప్రపంచ చాంపియన్లతో పోటీపడి 80 సెట్లలో 67 గెలిచింది. అదీ డిక్లేరర్ ఆటలోనే, బిడ్డింగ్ లేకుండా.

ప్రశ్న: కళావర్లకీ ఇస్పేట్లకీ ఫోన్ తెర మీద తేడా తెలియక తప్పు ముక్క నొక్కేస్తున్నాను. కళ్లద్దాలు మార్చాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: ముందు సెట్టింగ్స్‌లో నాలుగు రంగుల పేక ఉందేమో చూడండి, చాలా ఆప్‌లలో ఉంటుంది. కళావర్లు ఆకుపచ్చగా, డైమన్లు నీలంగానో నారింజగానో మారతాయి. ముక్క నొక్కాక ‘ఖాయమా?’ అని అడిగే ఆప్షన్ కూడా ఆన్ చేసుకోండి. అప్పటికీ తేడా తెలియకపోతే కళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లండి.