కనిపించని రోజులు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు.

దక్షిణాఫ్రికాలో సబీ శాండ్ గేమ్ రిజర్వులోని ఆడ చిరుత గురించి నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ శ్రద్ధగా చదివాను. జొహనెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా క్రూగర్ నేషనల్ పార్కును ఆనుకుని ఉన్న ఆ అడవికి వెళ్లి, కొత్త జంతువుల కోసం పరుగులు తీయకుండా ఒకే చిరుతను ఏళ్ల తరబడి చూడాలన్న పట్టుదల మన భాషలో రాసేవారిలో అరుదు. అందుకే నాలుగు మెచ్చుకోలు మాటలతో సరిపెట్టకుండా వివరంగా రాస్తున్నాను. నీ వాక్యం బాగుంది. చూపు ఇంకా బాగుంది. కానీ నువ్వు కళ్లారా చూసినదీ, గైడు చెప్పగా విన్నదీ, నీకు నువ్వుగా ఊహించుకున్నదీ మూడూ ఒకే నమ్మకంతో, ఒకే స్వరంతో నడుస్తున్నాయి. "ఆ రాత్రంతా అది కూనల కోసం ఏడుస్తూ తిరిగింది" అని రెండో అధ్యాయంలో రాశావు. ఆ రాత్రి దాని వెంట ఎవరున్నారు?

ఒక చిరుతను ఏళ్ల తరబడి అనుసరించినంత మాత్రాన దాని బతుకంతా మన ముందే జరిగినట్టు కాదు. సఫారీ వాహనాలు తెల్లవారుజామున కొన్ని గంటలు, మళ్లీ సాయంత్రం నుంచి చీకటి పడ్డాక కాసేపటి దాకా తిరుగుతాయి. చిరుత వేట, పోట్లాట, ప్రయాణం చాలావరకు ఆ వేళలకు బయట, వాగుల వెంట పెరిగిన దట్టమైన పొదల్లో సాగిపోతాయి. 1979లో ఆ రిజర్వులోనే లొండొలోజీ అనే ప్రాంతంలో ఒక ఆడ చిరుత మనుషులను దగ్గరికి రానివ్వడం మొదలుపెట్టినప్పుడు, వన్యప్రాణుల సినిమాలు తీసే జాన్ వార్టీ, జాడ తీసే ట్రాకర్ ఎల్మన్ మ్లాంగో దాదాపు పన్నెండేళ్లు దాన్ని వెంబడించారు. అంతకు ముందు అక్కడి చిరుతలు క్షణకాలం కనబడి పొదల్లోకి మాయమయ్యేవి. 'మదర్ లెపర్డ్' అని పేరు పడ్డ ఆ చిరుత సంతతిని తరం తర్వాత తరం నమోదు చేస్తూ వచ్చారు. అంత ఓపికగా సాగిన ఆ పరిశీలనలో కూడా చూసిన గంటలకంటే చూడని గంటలే ఎన్నో రెట్లు ఎక్కువ. నీ పుస్తకానికి అసలు కష్టం అక్కడే ఉంది, అసలు బలం కూడా అక్కడి నుంచే రావాలి. ఖాళీలను ఊహతో పూడ్చకు. వాటిని ఖాళీలుగానే పాఠకుడికి చూపించు. "పన్నెండో తేదీ సాయంత్రం కడుపు నిండి కనిపించింది; ఆ తర్వాత ఇరవయ్యో తేదీ దాకా ఎవరికీ కనిపించలేదు; ఈసారి కుడి ముందుకాలు ఎత్తి నడుస్తోంది" అని రాస్తే, ఆ ఎనిమిది రోజుల్లో ఏం జరిగి ఉంటుందన్న ఆలోచన పాఠకుడిని నీ వర్ణన కంటే బలంగా పట్టుకుంటుంది.

చూసింది అదే చిరుత అని ముందు రుజువు కావాలి. నువ్వు చిరిగిన ఎడమ చెవిని ఆనవాలుగా పెట్టుకున్నావు. చెవి మరో పోట్లాటలో ఇంకా చిరగవచ్చు, అలాంటి చెవే మరో చిరుతకూ ఉండవచ్చు. అక్కడి గైడ్లు మీసాల పైవరసకు పైన విడిగా ఉండే మచ్చలను ముఖానికి రెండు వైపులా లెక్కపెడతారు. ఒకదానికి ఒక పక్క మూడు, మరో పక్క రెండు ఉంటే, ఇంకొకదానికి నాలుగూ నాలుగూ ఉంటాయి. ఒకే లెక్క ఉన్న చిరుతలు చాలా ఉంటాయి కనుక నుదురు, మెడ, డొక్కల మీది మచ్చల అమరికను పాత ఫొటోలతో పోల్చి చూస్తారు. కూనగా ఉన్నప్పటి అమరికే ముసలితనం దాకా ఉంటుంది. అయితే కుడి డొక్క మీది అమరిక ఎడమ డొక్క మీద ఉండదు. ఒక పక్క ఫొటో మాత్రమే ఉండి, రెండోసారి మరో పక్క మాత్రమే కనిపిస్తే పోల్చడం కుదరదు. అలాంటి రోజున "బహుశా అదే" అని రాయడానికి సంకోచించకు.

ఇక జాడ తీయడం. నీ మూడో అధ్యాయంలో ఇది రెండే వాక్యాల్లో ముగిసింది. పుస్తకం మొత్తంలో అతి విలువైన సమాచారం ఇదేనని నా నమ్మకం. ఎండిన వాగు ఇసుకలో పొద్దున్నే, సూర్యుడు ఇంకా వాలుగా ఉన్నప్పుడు, అడుగు అంచుల నీడ స్పష్టంగా తెలుస్తుంది. నాలుగు వేళ్లు, వాటి వెనక వెడల్పాటి మెత్త, ఆ మెత్త వెనక అంచున మూడు తమ్మెలు. గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కనుక గోటి గుర్తు పడదు. దుమ్ములగొండి అడుగైతే పడుతుంది. ఆడ చిరుత అడుగు మగదానికంటే చిన్నదిగా, సన్నగా ఉంటుంది. రాత్రి తిరిగే పురుగు గీసిన సన్నని గీత అడుగు మీదుగా పోతే చిరుత ముందు వెళ్లింది, పురుగు తర్వాత వచ్చింది. ఆ గీతను అడుగు తొక్కి ఉంటే చిరుత ఈ మధ్యనే ఇక్కడి నుంచి నడిచింది. మంచు చుక్కలు గుంటలు చేసిన ఇసుక మీద అడుగు మాత్రం నున్నగా ఉంటే తెల్లవారాకే వెళ్లిందని అర్థం. జాడ గడ్డిలో పోయినప్పుడు ట్రాకర్ అక్కడే వెతుకుతూ కూర్చోడు. ముందున్న దారి దాకా వెళ్లి, అవతలికి దాటిన అడుగులు ఉన్నాయేమో చూస్తాడు. దాటకపోతే చిరుత రెండు దారుల మధ్య ఆ తునకలోనే ఉంది. అప్పుడు చెవులకు పని. ఇంపాలా జింకలు ముక్కుతో బుస్సుమంటాయి, వెర్వెట్ కోతులు చెట్టు కొసన అరుస్తాయి, ఉడుత ఆపకుండా కూస్తుంది. చిరుతే పిలిస్తే మాత్రం ఱంపంతో మొద్దు కోస్తున్నట్టు గరగరమని శ్వాస లోపలికీ బయటికీ వినిపిస్తుంది.

వాసన కూడా రాయి. చిరుత పొదల మీద చిమ్మే ద్రవాన్ని అక్కడి గైడ్లు పాప్‌కార్న్ వాసనతో పోలుస్తారు. పులి చిమ్మే ద్రవంలో బాస్మతి బియ్యానికి సువాసన ఇచ్చే పదార్థమే ఉందని మన దేశంలో శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి తన సహచరులతో కలిసి చూపించారు. తెలుగు పాఠకుడి ముక్కుకు ఈ ఒక్క వివరంతో ఆ అడవి దగ్గరైపోతుంది.

ఇవన్నీ నీకు చూపించింది వాహనం ముందు భాగంలో బిగించిన చిన్న సీటులో కూర్చున్న, అక్కడి షంగాన్ తెగకు చెందిన ట్రాకర్. నీ అధ్యాయాల్లో ఆయన "ఒక స్థానికుడు"గా మిగిలిపోయాడు. ఇది నాకు నచ్చలేదు. ఆయన ఒప్పుకుంటే పేరు పెట్టి రాయి, ఏ అడుగును ఎలా చదివాడో ఆయన మాటల్లోనే రాయి. మన నల్లమలలో పులుల సంరక్షణలో అటవీశాఖకు చెంచులే కళ్లు, చెవులు. వారి విద్య గురించి కూడా మన సాహిత్యంలో రాయాల్సినంత రాయలేదు. ఆ లోటు నీ పుస్తకంలోకి రాకూడదు.

కూనల విషయానికి వస్తాను. తల్లి వాటిని కొన్ని రోజులకొకసారి కొత్త చోటికి మారుస్తుంది. ఏడాది, ఏడాదిన్నర వయసులో అవి సొంతంగా బతకడం మొదలుపెడతాయి. అంతదాకా బతికి బయటపడేవి సగం కూడా ఉండవు. సబీ శాండ్‌లో కూనల చావుకు ప్రధాన కారణాల్లో తమకు పుట్టని కూనలను మగ చిరుతలు చంపడం ఒకటి. కూనలు పోతే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది, మగదానికి సొంత సంతతి కలుగుతుంది. తల్లికీ తన ఎత్తు ఉంది: ఆ చుట్టుపక్కల మగ చిరుతలు ఒకటికి మించి ఉంటే వాటన్నిటితోనూ కూడి, పుట్టిన కూనలు ఎవరివో తెలియకుండా చేస్తుంది. నువ్వు మగ చిరుతను "రాక్షసుడు" అన్నావు. ఆ ఒక్క మాటతో, ఇంత లోతైన వ్యవహారం మన సినిమాల్లోని ప్రతినాయకుడి కథగా కుంచించుకుపోయింది. జరిగినదాన్ని జరిగినట్టు, దాని కారణంతో సహా రాస్తే చాలు. దుఃఖం పాఠకుడికి దానంతట అదే తెలుస్తుంది.

అక్కడి చిరుత వాహనానికి కొన్ని అడుగుల దూరంలో పడుకుని కళ్లు మూసుకుంటుందని రాశావు, నిజమే. కానీ మన పాఠకుడికి చిరుత అంటే 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపిల్లను పొట్టనబెట్టుకున్న జంతువు. ఆ ప్రశాంతతకు కారణం చెప్పకపోతే అతను నిన్ను నమ్మడు, లేదా తప్పుగా నమ్ముతాడు. దశాబ్దాలుగా హాని చేయని వాహనాలను తరం తర్వాత తరం చూసి అలవాటు పడ్డ చిరుతలవి. కూర్చున్న మనుషులతో సహా జీపును అవి ఒకే ఆకారంగా సహిస్తాయి. మనిషి దిగి నడిస్తే ఆ సహనం ఉండదు. ఒక చిరుత దగ్గర ఒకేసారి ఆగే వాహనాలకు పరిమితి ఉంటుందనీ, వేటకు పొంచి ఉన్నప్పుడు ఇంపాలాల కళ్లలో దీపం కొట్టకూడదనీ, చిన్న కూనలున్న గుహ దగ్గరికి వెళ్లకూడదనీ కథలో భాగంగానే చెప్పు. నువ్వు అక్కడ ఉండడం వల్ల ఏదైనా మారిందనిపిస్తే అదీ దాచకు.

ముగింపు గురించి అడిగావు. సబీ శాండ్ ఉత్తర భాగంలో జుమా ప్రాంతంలో తిరిగిన కరూలాను గుర్తు చేసుకో. 2004లో పుట్టిన ఆ ఆడ చిరుతను ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారమయ్యే సఫారీల ద్వారా ఎన్నో దేశాల వాళ్లు చూశారు. 2017 మొదట్లో, దాదాపు ఏడాది వయసున్న రెండు కూనలు ఉండగా, అది కనిపించకుండా పోయింది. ఏమైందో చూసినవారు లేరు. సాధారణంగా ఆడపిల్లలు తల్లి ఇలాకాను ఆనుకునే స్థిరపడతాయి, మగవి దూరం పోతాయి. కరూలా కూతురు థాండీ, థాండీ కూతురు త్లాలాంబా ఆ నేల మీదే తిరిగాయి. నీ చిరుత కూడా ఒక రోజు ఇలాగే కనిపించకుండా పోవచ్చు. అప్పుడు దానికి చావు సన్నివేశం కల్పించకు. చివరిసారి ఎవరు, ఎక్కడ, ఏ స్థితిలో చూశారో రాసి, ఆ నేల మీద తర్వాత ఎవరి అడుగులు పడ్డాయో నమోదు చెయ్యి.

నాలుగో అధ్యాయం పంపేటప్పుడు అడవిలో అప్పటికప్పుడు రాసుకున్న నోట్సు ప్రతులు కూడా జతచెయ్యి. ప్రతి చూపుకూ తేదీ, వేళ, చోటు, అక్కడున్నవారి పేర్లు పక్కనే ఉండాలి. రెండో అధ్యాయంలో ఆ రాత్రి గురించిన పేరా తీసేసి, మర్నాడు ఉదయం ఇసుకలో ట్రాకర్ చదివిన అడుగులను అక్కడ పెట్టి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి