ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన నవలను తర్వాత అమ్ముకోవచ్చా?

నిక్షేపంగా అమ్ముకోవచ్చు, ఉచితంగా చదవనిచ్చినంత మాత్రాన హక్కు చేజారిపోదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన కాగితం మీదకో తెర మీదకో వచ్చిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అమెరికా రచయిత ఆండీ వియర్ ‘ది మార్షియన్’ను తన సైట్‌లో ఒక్కో అధ్యాయంగా ఉచితంగానే పెట్టాడు. పాఠకులు అమెజాన్ ఈ-బుక్ వేదిక కిండిల్‌లో కావాలంటే, అక్కడి కనిష్ఠ ధర 99 సెంట్లకు ఇచ్చాడు. 2014లో పెద్ద ప్రచురణకర్తలు దాన్నే అచ్చేశారు.

‘ఫ్రీగా పెడితే అందరి సొత్తే’ అన్నది ఉత్త అపోహ. మీ కథను చదివి యూట్యూబ్‌లో ఆడియోగా పెట్టాలన్నా మీ అనుమతి కావాల్సిందే. జాగ్రత్తంతా ఒప్పందాల దగ్గరే: ఈ-బుక్‌ను అమెజాన్‌కే పరిమితం చేసే ‘కిండిల్ సెలెక్ట్’ పథకంలో చేరిస్తే, దాని గడువైన 90 రోజులూ ఆ ఈ-బుక్ మీ సొంత సైట్‌లో కూడా ఉండకూడదు.