పేపర్ పబ్లిష్ అయ్యాక టేబుల్‌లో తప్పు కనిపిస్తే జర్నల్‌కి చెప్పాలా?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇదీ: పేపర్ వచ్చి ఎనిమిది నెలలైంది, థీసిస్ రాస్తూ చూసుకుంటే ఒక టేబుల్‌లో అంకెలు తప్పు, గైడ్ గారేమో "ఎవరు చూస్తారు, వదిలెయ్" అంటున్నారు, మీకేమో జర్నల్‌కి చెబితే రిట్రాక్ట్ చేసేస్తారని, అంటే పేపర్‌నే వెనక్కి తీసేసుకుంటారని భయం.

జర్నల్‌కి చెప్పండి. నాకూ ఇలాగే జరిగింది.

నల్గొండ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మీద రాసిన పేపర్ అది. ఎక్సెల్‌లో బోరు లోతుల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను, పక్క కాలమ్‌లు కదల్లేదు, దాంతో ఒక ఊరి ఫ్లోరైడ్ పక్కన ఇంకో ఊరి బోరు లోతు వచ్చి కూర్చుంది. సగటు లోతు మారదు కదా, అందుకే నాకూ రివ్యూయర్లకూ అనుమానమే రాలేదు. రెండో పేపర్ కోసం అదే డేటా తీసినప్పుడు బయటపడింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, కడుపులో ఒకటే టెన్షన్. మళ్ళీ లెక్కేస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి ఏ ఊళ్ళలో దాటిందన్న అసలు విషయం చెక్కుచెదరలేదు, లోతుకీ ఫ్లోరైడ్‌కీ సంబంధం లేదని రాసిన పేరా మాత్రం తప్పని తేలింది.

ఎడిటర్‌కి రాసిన మొదటి రెండు మెయిళ్ళకు జవాబే లేదు. మూడోదానికి పలికి, పాత టేబుల్, కొత్త టేబుల్, రా డేటా, ముగింపులు మారతాయా లేదా అన్న వివరణ, రచయితలందరి ఒప్పుకోలు అడిగారు. విదేశంలో ఉన్న ఒక కో-ఆథర్ దగ్గరే మూడు వారాలు పోయింది. తర్వాత అదంతా ఒక రివ్యూయర్‌కి పంపారు. మొత్తం ఐదు నెలలు పట్టింది, వచ్చింది మాత్రం అరపేజీ సవరణ నోటీసు. దాని ప్రూఫ్‌లో కో-ఆథర్ పేరు తప్పు పడింది, సవరణకి సవరణ!

నోటీసుకి దాని సొంత డీఓఐ (ఆన్‌లైన్‌లో పేపర్‌ని గుర్తించే శాశ్వత నంబరు) ఉంటుంది, అసలు పేపర్‌కి లింక్ చేస్తారు. పాత పీడీఎఫ్‌ని కొన్ని జర్నళ్ళు అలాగే ఉంచుతాయి, కొన్ని సరిచేసి ఎప్పుడు ఏం మార్చారో కింద రాస్తాయి. చడీచప్పుడు లేకుండా ఫైల్ మార్చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ముందే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళ దగ్గర తప్పు అలాగే ఉండిపోతుంది.

ఈ నోటీసుల పేర్ల సంగతికొస్తే, ప్రెస్ వాళ్ళ తప్పయితే ఎర్రేటం, మనదైతే కొరిజెండం అనడం పాత అలవాటు. నేచర్ వీటినే పబ్లిషర్ కరెక్షన్, ఆథర్ కరెక్షన్ అంటుంది. రిట్రాక్షన్ వేరే మెట్టు. పబ్లికేషన్ ఎథిక్స్ చూసే కోప్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం అది ఫలితాలనే నమ్మలేనప్పటి మాట, అది నిజాయితీగా జరిగిన పొరపాటైనా సరే. మీ తప్పు ఒక టేబుల్ వరకే ఉండి, ముగింపు నిలబడితే అక్కడిదాకా వెళ్ళదు.

వెళ్ళినా బతికిబయటపడ్డవాళ్ళున్నారు. స్పెయిన్‌లో 7,447 మందితో మెడిటరేనియన్ ఆహారం మీద చేసిన ప్రెడిమెడ్ అధ్యయనం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఎవరికి ఏ ఆహారమో మనిషి మనిషికీ విడిగా లాటరీ తీయాల్సింది పోయి, ఒక సెంటర్‌లో క్లినిక్ మొత్తానికి ఒకటే ఇచ్చారని తర్వాత తేలింది. 2018లో రచయితలే పాతది వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్ళీ వేసి, మాట కాస్త తగ్గించి, అదే జర్నల్‌లో మళ్ళీ ప్రచురించారు.

మీ గైడ్ గారి భయానికీ కారణం లేకపోలేదు. కాలేజీలకు, యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ వాళ్ళు 2025 నుంచి రిట్రాక్ట్ అయిన పేపర్లకు మార్కులు కోస్తున్నారు, కాలేజీల్లో ఆ మాట వింటేనే హడలిపోతున్నారు. కానీ కొరిజెండం రిట్రాక్షన్ కాదు, ఆ ముక్క ఆయనకి నెమ్మదిగా చెప్పి చూడండి.

ఇంకొకటి, ఆ ఒక్క టేబుల్ సరిచేసి వెంటనే మెయిల్ కొట్టకండి. రా డేటా నుంచి మొదలుపెట్టి మిగతా టేబుళ్ళు, గ్రాఫులు అన్నీ మళ్ళీ లెక్కేసుకోండి, వీలైతే వేరేవాళ్ళతో వేయించండి. అదే పేపర్‌కి రెండో కొరిజెండం పంపితే ఎడిటర్ నిజంగానే అనుమానంగా చూస్తారు.