రిపేరు బల్ల: మూల పడని జాయ్‌స్టిక్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే వస్తువు గురించి. వీడియోగేమ్ పార్లర్లలో ఉండే లాంటి కర్ర, గుండ్రటి బటన్లు ఉన్న ఆర్కేడ్ జాయ్‌స్టిక్‌లు ఇప్పుడు ఇళ్లకు వచ్చేశాయి. విజయనగరం గంటస్తంభం దగ్గర ముప్పై ఏళ్లుగా రేడియోలు, టీవీలు విప్పుతున్నాను. ఈ స్టిక్‌లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మాస్టారూ, నేను బొబ్బిలిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న 2,400 రూపాయలతో ఆర్కేడ్ స్టిక్ కొన్నాను. ఫైటింగ్ గేమ్‌లో కిందికి, ముందుకి బాగానే వెళ్తోంది గానీ రెండిటి మధ్య డయాగనల్, అంటే మూల, అస్సలు పడటం లేదు. ఒక బటన్ కూడా నాలుగుసార్లు నొక్కితే మూడుసార్లే పని చేస్తోంది. లోపలి సామాను మొత్తం పీకేసి జపాన్ సాన్వా కంపెనీ లివరు (కర్ర ఉండే భాగం), బటన్లు వేసెయ్యమని ఫ్రెండ్స్ అంటున్నారు. అంత ఖర్చు పెట్టమంటారా?

జవాబు: బాబూ, ఇప్పుడే పెట్టొద్దు. ముందు యూఎస్‌బీ వైరు పీకేసి, పెట్టె అడుగు స్క్రూలు విప్పి, లివరు కింద ఉన్న ప్లేటు చూడండి.

లివరు అడుగున నాలుగు వైపులా, కాస్త నొక్కితే ‘టిక్’ మనే నాలుగు చిన్న మైక్రో స్విచ్‌లు ఉంటాయి. మూలకంటూ వేరే స్విచ్ లేదు. మూలకి తోసినప్పుడు పక్కపక్కనున్న రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకోవాలి. కర్ర ఎటు ఎంత దూరం పోవాలో కట్టడి చేసేది అడుగున బిగించిన ప్లేటు. దాన్ని గేటు అంటారు. దాని మధ్యలో చతురస్రాకారపు కన్నం ఉంటుంది. ఆ కన్నం అంచులు స్విచ్‌లకు ఎదురుగా తిన్నగా ఉంటే కర్ర మూలల దాకా వెళ్తుంది. అదే కన్నాన్ని గాలిపటంలా 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే కర్ర నాలుగు దిక్కులకే పోతుంది, మూల దగ్గర గోడ తగిలినట్టు ఆగిపోతుంది. అలా బిగించడానికీ కారణం ఉంది. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ లాంటి ఆటలకు నాలుగు దిక్కులే కావాలి, మూల పడితే అక్కడ చిక్కు. కానీ 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 దగ్గర్నుంచి కింద, కింద-ముందు మూల, ముందు అని వరసగా తిప్పి గుద్దు బటన్ నొక్కితేనే నిప్పు ముద్ద వదిలే ఆటలు జనంలో బాగా పాకాయి. అలాంటి వాటిలో మూల పడకపోతే సగం విద్య పోయినట్టే.

కాబట్టి ప్లేటు గాలిపటంలా ఉంటే, దాన్ని తిప్పి బిగించే వీలున్న లివరు అయితే, స్క్రూలు తీసి తిప్పి పెట్టండి. పైసా ఖర్చు లేదు.

ప్లేటు సరిగ్గానే ఉందనుకోండి, చెవితో వినండి. ఫ్యాన్ ఆపేసి, కర్రని నెమ్మదిగా కిందికి లాగి, అక్కణ్ణుంచి అంచు వెంబడే పక్కకి జరపండి. ముందు ఒక ‘టిక్’, మూల చేరేసరికి ఇంకో ‘టిక్’ వినపడాలి. రెండోది రాలేదంటే కర్ర అడుగున ఉన్న ప్లాస్టిక్ దిమ్మ ఆ స్విచ్‌ని అందుకోవట్లేదు. స్విచ్ స్క్రూ వదులై వెనక్కి జరిగి ఉంటుంది, లేదా దిమ్మ అరిగి ఉంటుంది. స్క్రూ అయితే బిగించండి. దిమ్మ అరిగితే మాత్రం అప్పుడు కొత్త లివరు గురించి ఆలోచించాలి.

ఇక మీ బటన్. కొత్తది కొనే ముందు ఒక పరీక్ష చేయండి. దాని వెనక ఉన్న రెండు వైర్లు లాగి, పక్కనే బాగా పనిచేస్తున్న బటన్‌కి తగిలించండి. ఆ మంచి బటన్‌తో కూడా తప్పుతోందంటే రోగం వైరులోనో, నొక్కులని కంప్యూటర్‌కి పంపే బోర్డులోనో ఉంది. శుభ్రంగా పనిచేసిందంటే రోగం పాత బటన్‌లోనే. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా బటన్లు మార్చేవాళ్లని చూస్తే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బు పోవడం కళ్లారా చూశాను.

1996లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజులు. ఊరంతా జనం. ఒక పార్లర్ ఆయన పరుగెత్తుకొచ్చాడు. రెండో ప్లేయర్ వైపు వరసగా మూడు తన్ను బటన్లు చచ్చిపోయాయి, మూడూ కొత్తవి వేశాడు, అయినా పలకట్లేదు. వెళ్లి వెనక తలుపు తీశాను. ప్రతి బటన్‌కీ రెండు కాళ్లు. ఒక కాలికి ఎవరి రంగు వైరు వాళ్లది, రెండో కాలికి నల్ల వైరు. ఆ నల్ల వైరు మాత్రం అందరికీ ఉమ్మడి గ్రౌండు, దండలో పూలు గుచ్చినట్టు ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి పోతుంది. దండ మధ్యలో తెగితే తర్వాతి పూలన్నీ పోయినట్టే కదా. మొదటి చచ్చిన బటన్‌కి ముందున్న నల్ల వైరు ముక్క పట్టుకుని మెల్లగా లాగాను. రబ్బరు తొడుగు సాగింది, లోపల రాగి లేదు. ఎవరో అక్కడ లెడ్డు (సోల్డరింగ్‌లో కరిగించి అతికే తీగ) ఎక్కువ పోసి అతికించారు. కరిగిన లెడ్డు సన్నటి రాగి పోగుల్లోకి పైకి పాకి వాటిని పుల్లలా గట్టిపరిచింది. రోజంతా పిల్లలు గుద్దే అదురుకి ఆ పుల్ల అయిపోయే చోట పోగులు ఒక్కొక్కటే తెగాయి. పైకి మాత్రం వైరు నిండుగా కనపడుతోంది. జానెడు వైరు మార్చాను. మూడు బటన్లూ లేచాయి.

అందుకే బటన్ కాళ్లకి లెడ్డు పోయొద్దని చెబుతాను. ఆ వేడికి బటన్ ప్లాస్టిక్ కూడా మెత్తబడుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర దొరికే రకం లగ్గులు, అంటే బటన్ కాలికి తొడిగే రేకు కొసలు, వైరుకి నొక్కి తగిలించండి. సాన్వా రకం బటన్ల కాళ్లకి 2.8 మిల్లీమీటర్ల లగ్గు, పెద్ద మైక్రో స్విచ్‌లకి 4.8 మిల్లీమీటర్లది. ఇవి తేడా పడితే వదులుగా ఉండి మళ్లీ మొదటికే వస్తుంది. వైరు చివర అయిదారు మిల్లీమీటర్లు మాత్రమే ఒలిచి, పోగులు మెలిపెట్టి, నొక్కాక ఒకసారి గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి, ఆటలో కాదు.

ఇవన్నీ చేశాక కూడా చేతికి తృప్తిగా లేకపోతే అప్పుడు కొనండి. నా మాట వింటే మొదట లివరు, ఆ తర్వాత ఎక్కువ వాడే రెండు మూడు బటన్లు. అన్నీ ఒకేసారి వద్దు. చాలామంది వేసుకునేది సాన్వా జేఎల్‌ఎఫ్ లివరు. కొనే ముందు మీ పెట్టె లోతు, లివరు బిగించే స్క్రూ కన్నాల దూరం కొలవండి. బటన్ కన్నాలు కూడా వెర్నియర్‌తో కొలవండి. ఓబీఎస్‌ఎఫ్-30 బటన్‌కి 30 మిల్లీమీటర్ల కన్నం కావాలి. అది పల్చటి ప్యానెల్‌కి నొక్కితే పట్టుకునే రకం. మీరు చెక్క పెట్టె చేయించుకుంటే మరతో బిగించే ఓబీఎస్‌ఎన్-30 తీసుకోవాలి.

జేఎల్‌ఎఫ్‌కి స్విచ్‌కి రెండేసి వైర్లు ఉండవు. మొత్తం అయిదు పిన్నులు: నాలుగు దిక్కులు, ఒక గ్రౌండు. నల్ల వైరే గ్రౌండు అని అందరూ చెబుతారు గానీ మార్కెట్లో నకలు వైర్లు చాలా ఉన్నాయి, రంగుని నమ్మి తగిలించొద్దు. మల్టీమీటర్‌ని బీప్‌లో (రెండు పుల్లల మధ్య దారి కలిస్తే కూసే సెట్టింగ్) పెట్టి ఒక పిన్ను మీద ఒక పుల్ల ఉంచండి. కర్రని ఒక్కో దిక్కుకే తోస్తూ మిగతా పిన్నులు తాకండి. ఏ పిన్నుతో నాలుగు దిక్కులకీ బీప్ వస్తుందో అదే గ్రౌండు. బోర్డు మీద 5 వోల్టులు అని రాసి ఉన్న పిన్ను జోలికి మాత్రం పోవద్దు. దాన్ని గ్రౌండుకి తగిలిస్తే బోర్డు గానీ, కంప్యూటర్ పోర్టు గానీ పాడవ్వొచ్చు.

ఇంకో మాట. లివరు మధ్యలో ఊచ మీద ఊగే తూకం లాంటిది. పైన కర్రని ముందుకి తోస్తే అడుగున దిమ్మ వెనక్కి పోతుంది. అంటే ‘పైకి’ అనే దిక్కుకి నొక్కుకునేది మీ పొట్ట వైపున్న స్విచ్. విడి స్విచ్‌లున్న లివరుకి మొదటిసారి వైర్లు పెట్టేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే తలకిందులు పెడతారు. అలా జరిగితే టెన్షన్ పడకండి, ఎదురెదురు వైర్లు మార్చేస్తే సరి.

ప్రశ్న: నా స్టిక్‌లో ఉన్న బోర్డు మీద ‘జీరో డిలే’ అని ఉంది. అయినా నొక్కిన కాసేపటికి బొమ్మ కదులుతోంది. బోర్డు మార్చాలా? – రాజాం పాఠకుడు

జవాబు: ముందు టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ వెతికి పెట్టండి. సెకనుకి 60 బొమ్మలు నడిచే ఆటలో ఒక్కో బొమ్మకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. చూపు అందంగా ఉండాలని టీవీ ప్రతి బొమ్మనీ సరిదిద్దుతూ కూర్చుంటే అలాంటి బొమ్మల సమయం చాలా పోతుంది. ‘జీరో’ అన్నది పేరు మాత్రమే, ఏ బోర్డుకైనా కాస్త ఆలస్యం ఉంటుంది. అయినా కంటికి తెలిసేంత ఆలస్యం ఉంటే నేను మొదట అనుమానించేది టీవీనే. అదే స్టిక్‌ని కంప్యూటర్ మానిటర్‌తో ఒకసారి ఆడి చూస్తే మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: మాది కళింగపట్నం, ఇల్లు సముద్రానికి దగ్గర. వానాకాలం పోయాక స్టిక్ బటన్లు ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నాయి, లివరు కిర్రుమంటోంది. కొబ్బరినూనె వేస్తే తగ్గుతుందా?

జవాబు: వద్దు బాబూ. మీ ఊరి గాలిలో ఉప్పు ఉంది. ఆ చెమ్మకి ఇనుము తుప్పు పడుతుంది, రాగి, ఇత్తడి కాళ్లకి పచ్చగా చిలుము పడుతుంది. లగ్గులు లాగి చూడండి, పచ్చటి పొడి కనపడితే అదే. ఆ చోట కరెంటు ఒకసారి పారుతూ, ఒకసారి ఆగుతూ ఉంటుంది కాబట్టి బోర్డు దాన్ని రెండు నొక్కులుగా లెక్కేస్తుంది. చిలుముని నున్నటి ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. రాగి లోపలి దాకా నల్లబడి ఉంటే ఆ మేర వైరు కత్తిరించి కొత్త లగ్గు వేయండి. కాళ్లు శుభ్రం చేశాక కూడా రెండుసార్లు పడుతుంటే లోపలి స్విచ్ రేకు అలిసిపోయినట్టు, ఆ బటన్ మార్చాల్సిందే.

కొబ్బరినూనె మొదటి రోజు బాగుంటుంది. నెలకి దుమ్ము పట్టి జిగురవుతుంది. లివరు కిర్రు పోవడానికి ప్లాస్టిక్‌కి పనికొచ్చే సిలికాన్ గ్రీజు, బియ్యపు గింజంత, కర్ర ఊగే గిన్నెలో రాయండి. స్విచ్‌ల మీద పడనివ్వొద్దు. ఆడటం అయ్యాక మూత ఉన్న డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు నాలుగు వేసి ఉంచండి.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. మా అబ్బాయి పదో తరగతి. గేమ్ పెట్టె విప్పి సోల్డరింగ్ చేస్తానంటున్నాడు. కరెంటు కొడుతుందేమో, ఆ పొగ మంచిది కాదేమో అని భయంగా ఉంది. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోండి అమ్మా, కానీ పక్కనే ఉండండి. గేమ్ పెట్టెలో నడిచేది యూఎస్‌బీ 5 వోల్టులు, అది మనిషిని కొట్టదు. అయినా పని చేసేటప్పుడు ఆ వైరు పీకేసి ఉండాలి. జాగ్రత్త పడాల్సింది సోల్డరింగ్ ఐరన్‌తో. అది గోడ కరెంటుతో నడుస్తుంది, కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నదే కొనండి. దాని ముక్కు 350 డిగ్రీల దాకా కాలుతుంది. బల్ల మీద ఊరికే పెట్టకుండా స్టాండు తప్పనిసరి. పొగ వచ్చేది లెడ్డు తీగ లోపలుండే ఫ్లక్స్ (అతుకు బాగా పట్టడానికి వేసే పదార్థం) నుంచి. అది గొంతు మండిస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకి పడదు. కిటికీ తెరిచి, పొగ మొహం మీదికి రాకుండా కూర్చోమనండి. తీగలో సీసం ఉంటుంది కాబట్టి పని మధ్యలో ఏమీ తినకూడదు, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రేకులు అతికేవాళ్లు వాడే యాసిడ్ మాత్రం ఇంట్లోకి రానివ్వొద్దు. అది బోర్డుని తినేస్తుంది.

మొదటి రోజే అసలు బోర్డు ముట్టుకోనివ్వకండి. పాడైన రేడియో బోర్డు ఏదైనా ఇచ్చి ఇరవై అతుకులు వేయించండి. అతుకు మీద రెండు మూడు సెకన్లకి మించి ఐరన్ ఆనించకూడదు. అతుకు నున్నగా మెరుస్తూ రాగి చుట్టూ పరుచుకుంటే చెయ్యి కుదిరినట్టు, బూడిద రంగులో ముద్దలా నిలబడితే మళ్లీ చేయించండి. వైరు కదలకుండా పట్టుకోవడానికి మీ వేళ్లు పెట్టకండి, బట్టలు ఆరేసే క్లిప్పు చాలు.