పళ్లు క్లీనింగ్‌కి వెళ్తే నాలుక, మెడ ఎందుకు చూశారు?

క్లీనింగ్‌కి వెళ్తే డాక్టర్ నాలుక పట్టుకుని చూసి, మెడ కూడా తడిమారు, కేన్సర్ అనుమానమా లేక బిల్లు పెంచడానికా అని అడిగారు కదా. రెండూ కాదండి. నోటి కేన్సర్‌కి చేసే మామూలు పరీక్షే అది, రెండు మూడు నిమిషాల పని. మెడలో గడ్డలున్నాయేమోనని తడుముతారు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో దానికి వేరే డబ్బులేం తీసుకోలేదు. నన్నడిగితే, అవేం చూడకుండా పంపేసే డాక్టర్‌నే అనుమానించాలి.

మా పిన్నికి పన్ను కదులుతుంటే తీయించడానికి తీసుకెళ్లాను. గుట్కా, ఖైనీ, పాన్ ఏమైనా అలవాటుందా అంటే పిన్ని తల అడ్డంగా ఊపేసింది. డాక్టరుగారు ఒడియా ఆయనే గానీ తెలుగు మనలాగే మాట్లాడతారు. గాజ్ గుడ్డతో నాలుక కొస పట్టుకుని బయటికి లాగి రెండు అంచులూ చూశారు. నాలుక కింద, బుగ్గల లోపల, చిగుళ్లు అయ్యాక తల వెనక్కి వాల్చమని అంగిలి మీద టార్చి వేసి ఆగిపోయారు. నన్ను పిలిచి చూపించారు. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. "అడ్డపొగ తాగుతావా అమ్మా?" అనేసరికి పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడమే అడ్డపొగ. గంజాం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఎక్కువ. వేడీ, పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. అందుకే వేరేచోట్ల అంతగా కనిపించని అంగిలి కేన్సర్ మనవైపు కనిపిస్తుంది. మొదట్లో నొప్పుండదు కాబట్టి ఎవరూ చెప్పరు. పైగా వాళ్ల లెక్కలో అదో అలవాటే కాదు. పొద్దున్నే గుడాకుతో పళ్లు రుద్దుకోవడమూ అంతే, అందులో ఉండేదీ పొగాకే. మీ ఇంట్లో పెద్దవాళ్లని "పొగాకు వాడతావా" అని అడక్కండి, "రోజంతా నోట్లో ఏమేం పెట్టుకుంటావు" అని అడగండి. ఒట్టి వక్క కూడా చెప్పాల్సిందే. దానివల్ల బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు, కారం తగిలితే మంట.

పిన్నికి ముక్క పరీక్ష (బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం) చేయించాం. కేన్సర్ లేదు గానీ కణాల్లో మార్పు మొదలైంది, చుట్ట మానేసి మళ్లీ మళ్లీ చూపించుకోవాలన్నారు. మానేశానంటోంది. కొంగు వాసన మాత్రం వేరే మాట చెబుతోంది.

చూసినంత మాత్రాన కేన్సరో కాదో తేలదు, తేల్చేది ముక్క పరీక్షే. రంగు పూసి చూసేవీ, ప్రత్యేక లైట్లూ దానికి బదులు కావు. అలాగని కంటితో చూడటం తక్కువేం కాదు. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన కార్యకర్తలే ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో నోటి కేన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అలవాట్లు లేనివాళ్లలో అంత లాభం కనిపించలేదు, కాబట్టి మీకేమీ లేకపోతే కంగారు పడకండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో కూడా 30 దాటినవాళ్లకి ఈ పరీక్ష చేయాలనే ఉంది, అడగండి.

రెండు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ కనిపిస్తే మాత్రం మామూలు చెకప్ దాకా ఆగొద్దు. తెల్లదాని కన్నా ఎర్రదానికే ఎక్కువ భయపడాలి. పదునైన పన్ను గీరుకునే పుండు పడిందనుకుంటే ఆ పన్ను నున్నగా రాయించి, రెండు వారాల్లో మానిందో లేదో మళ్లీ చూపించండి. పెద్దవాళ్లకి కట్టుడు పళ్లుంటే అవి తీసి చూడమని మీరే చెప్పండి.