రీమ్యాప్ కోర్సు సరే, ముందు ఆ నల్లపొగ సంగతి తేల్చండి

ప్రశ్న: ఆటోమొబైల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంజిన్ పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్‌లో స్థిరపడాలని కోరిక. సాధన కోసం పాత పెట్రోలు కారు ఒకటి కొన్నాను. సైలెన్సర్ నుంచి నల్లపొగ, పెట్రోలు వాసన వస్తున్నాయి. మైలేజీ బాగా పడిపోయింది. స్కానర్ పెడితే పీ0172 కోడ్ (మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందని) చూపిస్తోంది. ఆక్సిజన్ సెన్సర్ మార్చినా తేడా లేదు. రీమ్యాప్ చేసి, అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లోని లెక్కలు మార్చి, పెట్రోలు తగ్గిస్తే సరిపోతుందని స్నేహితులు అంటున్నారు. రీమ్యాప్ నేర్పే స్వల్పకాలిక కోర్సులో ఇప్పుడే చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ కోర్సు పనికిరాదని కాదు. దానికంటే మంచి పాఠం మీ దగ్గరే ఉంది, దాన్ని రీమ్యాప్ కింద కప్పేయవద్దని చెబుతున్నాను. మంచి ట్యూనర్ ల్యాప్‌టాప్ తెరిచే ముందే ఇంజిన్ ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చుకుంటాడు. ఆ పని రానివాడు ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్చినా అంకెలు మార్చేవాడిగానే మిగిలిపోతాడు.

మీ స్నేహితుల సలహాలో చిక్కు ఎక్కడుందో చూడండి. బరువు లెక్కన ఒక భాగం పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 భాగాల గాలి కావాలి. దీన్నే లాంబ్డా 1 అంటారు. గాలి అంతకు తగ్గితే మిశ్రమం రిచ్ అయినట్లు, ఎక్కువైతే లీన్ అయినట్లు. పీ0172 వచ్చిందంటే ఈసీయూ తనకున్న పరిమితిలో పెట్రోలు తగ్గించుకుంటూ పోయి చివరికి చేతులెత్తేసిందన్నమాట. కారణం ఒక సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారడమే అనుకుందాం. రీమ్యాప్ ఫైలులో ఇంధనం ఇంకా తగ్గిస్తే ఆ సిలిండర్ రిచ్‌గానే ఉండిపోతుంది, మిగతావి లీన్ అవుతాయి. పూర్తి థ్రాటిల్‌లో లీన్‌గా నడిచే సిలిండర్‌లో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండడం) మొదలైతే పిస్టన్ కరిగేదాకా వెళ్లవచ్చు. పొగతో పాటు ఇంజిన్ కూడా పోతుంది.

ఇక ఆక్సిజన్ సెన్సర్. పాపం, అది ఉన్నమాటే చెప్పి ఉంటుంది. కోడ్ కనబడగానే దాన్ని మార్చడం చాలామందికి అలవాటే.

మీరు మొదట చూడవలసినవి షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు, అంటే ఈసీయూ పెట్రోలును అప్పటికప్పుడు, నిలకడగా ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకెలు. రెండూ కూడి చూడండి. మొత్తం మైనస్ 20 ఉందంటే, తాను లెక్కకట్టిన పెట్రోలులో ఐదో వంతును ఈసీయూ కోసేస్తోందని అర్థం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఒకసారి, నిలకడగా 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి, రోడ్డు మీద లోడుతో ఒకసారి రాసుకోండి. అసలు కథ ఈ మూడు అంకెల మధ్య తేడాలో ఉంటుంది.

ఐడిల్‌లో బాగా మైనస్ ఉండి, 2500 దగ్గర సున్నా వైపు వస్తోందా? అయితే ఇంజెక్టర్ల లెక్కలోకి రాని ఇంధనం కొద్దికొద్దిగా ఎక్కడి నుంచో లోపలికి చేరుతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి ఆ కొంచెమే పెద్ద శాతంగా కనబడుతుంది. వేగం పెరిగితే గాలి పెరిగి అది లెక్కలో కలిసిపోతుంది. ఇక్కడ అనుమానించవలసినవి కొన్నే. పెట్రోలు ట్యాంకు ఆవిరిని లోపలికి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో, దాని గొట్టం మూసి ట్రిమ్ మారుతుందో లేదో చూడండి. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు వాక్యూమ్ గొట్టం ఉన్న ఇంజిన్ అయితే ఆ గొట్టం తీయండి. లోపల పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటర్‌లోని పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే. ఇంజిన్ ఆపిన తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ గేజ్‌లో పీడనం వెంటనే పడిపోతే ఇంజెక్టర్ కారుతుండవచ్చు. పంపులోని చెక్ వాల్వ్ పాడైనా పీడనం అలాగే పడిపోతుంది కాబట్టి తొందరపడి తీర్పు ఇవ్వకండి. స్పార్క్ ప్లగ్‌లు విప్పి చూడండి. ఒకటే మసిబారి ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను పట్టుకోండి, అన్నీ నల్లగా ఉంటే తప్పు అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నచోట వెతకండి. వీటిలో విప్పే పనులన్నీ చల్లారిన ఇంజిన్ మీద, గాలి ఆడే చోట, మంటలార్పే సాధనం పక్కన పెట్టుకునే చేయాలి.

ఐడిల్ నుంచి లోడు దాకా ఒకే తీరుగా మైనస్ చూపిస్తే దారి వేరు. ఫ్యూయల్ ప్రెషర్ ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సర్ ఎక్కువ చెబుతుండవచ్చు. పాత కారు కాబట్టి మరొకటి కూడా చూడండి. ముందటి యజమాని పెద్ద ఇంజెక్టర్లు బిగించి ఈసీయూకు చెప్పకుండా వదిలేశాడేమో, వాటి మీది నంబరు సరిచూడండి.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను మాత్రం మరవకండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో, స్టార్ట్ చేయకముందు, స్కానర్ చూపే కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఉండాలి. వేడెక్కిన ఇంజిన్‌ను ఆ సెన్సర్ చల్లగా ఉందని చెబితే ఈసీయూ నమ్మి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన ఉంటే ఆయిల్ మార్చాకే మిగతా పరీక్షలు చేయండి. ఆయిల్‌లో కలిసిన పెట్రోలు ఆవిరై ఆయిల్ ఆవిరిని వెనక్కి పంపే పీసీవీ గొట్టం గుండా మళ్లీ ఇంజిన్‌లోకే వస్తుంది, మీ అంకెలన్నీ తప్పుదోవ పడతాయి.

ట్రిమ్ ప్లస్‌లో ఉండి కూడా ఇంజిన్ నల్లపొగ వదులుతుంటే కారణమేమిటి? మీ కోడ్‌ను బట్టి మీ కారు సమస్య ఇది కాదు, కానీ ఉద్యోగానికి వచ్చినవారిని నేనైతే అడిగే ప్రశ్న ఇది. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్‌లో లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరుతుంది. సెన్సర్ దాన్ని లీన్ అనుకుంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది.

ఇవన్నీ చేస్తూ రోజువారీగా నోట్సు రాయండి. ఏది అనుమానించారు, ఏ పరీక్ష చేశారు, అంకె ఎంత నుంచి ఎంతకు మారింది, ఏ అనుమానం ఎందుకు కొట్టేశారు. బాగుచేశాక కంప్రెషన్ పరీక్ష, వైడ్‌బ్యాండ్ సెన్సర్ రీడింగులు జోడించండి. మామూలు ఆక్సిజన్ సెన్సర్ 0.45 వోల్టులకు అటా ఇటా అని మాత్రమే చెబుతుంది, ఎంత అన్నది వైడ్‌బ్యాండ్ చెబుతుంది. పూర్తి థ్రాటిల్‌లో లాంబ్డా 0.85, 0.9 మధ్య (అంటే కాస్త రిచ్‌గా) కనబడితే కంగారుపడకండి. పెట్రోలు ఇంజిన్‌లో శక్తి కోసం, వేడి తగ్గించడం కోసం కావాలనే అలా ఉంచుతారు. ఈ నోట్సు సర్టిఫికెట్ కంటే గట్టిగా మీ తరఫున మాట్లాడుతుంది.

ఉద్యోగాల విషయానికి వస్తే, డయాగ్నస్టిక్ టెక్నీషియన్‌గా మొదలుపెట్టడం మీకు తేలిక. కార్ల కంపెనీల్లో కాలిబ్రేషన్ ఇంజినీర్ (ఈసీయూ లెక్కలు సరిచేసేవారు) కావాలంటే సాధారణంగా డిగ్రీ అడుగుతారు. డిప్లొమా తర్వాత చదివే ఓపిక ఉంటే కంట్రోల్ సిస్టమ్స్ మీద దృష్టి పెట్టండి. సొంతంగా ట్యూనింగ్ చేసుకుంటూ బతకడం కష్టమే. వచ్చే కార్లలో చాలావాటికి ముందు మరమ్మతు కావాలి, ఆ మాట కస్టమర్ వినడు. విద్యుత్ కార్ల వల్ల పెట్రోలు ఇంజిన్ పని తగ్గుతుందన్న భయం న్యాయమైనదే. అయితే సెన్సర్ డేటా చదవడం, మల్టీమీటర్‌తో వైరు వెంట వెళ్లి తప్పు పట్టడం ఆ కార్లకూ కావాలి.

ఈ కారు బాగుపడి నోట్సు పూర్తయ్యాక కోర్సుకు వెళ్లండి. చేరేముందు రెండు సంగతులు అడగండి. డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) మీద స్వయంగా ఎన్ని గంటలు పని చేయనిస్తారు? కారు రిచ్ కోడ్‌తో వస్తే ట్యూనింగ్‌కు ముందు ఏయే పరీక్షలు నేర్పుతారు? రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే వేరే చోటు చూసుకోండి.