విదేశీ క్రూయిజ్‌కు ట్రైపాడ్ మోసుకెళ్లాలా?

అక్కర్లేదు, నడుస్తున్న ఓడ మీద ట్రైపాడ్ (కెమెరా పెట్టే మూడు కాళ్ల స్టాండు) దాదాపు దండగ. అది కెమెరాను డెక్ మీద కదలకుండా నిలుపుతుంది గానీ, కదిలేది ఆ డెక్కే కదా! పైగా ఇంజిన్ అదురు స్టాండు కాళ్ల గుండా కెమెరాకు ఎక్కుతుంది. పులికాట్‌లో పడవ మీద స్టాండు పెట్టి ఫ్లెమింగోలను తీయబోయినా ఇదే తంతు.

20 నాట్ల వేగంతో వెళ్లే ఓడ సెకనుకు సుమారు 10 మీటర్లు జరుగుతుంది. షట్టర్ అర సెకను తెరిచి ఉంచితే 5 మీటర్లు; దగ్గరి తీరంలోని దీపాలు గీతలైపోతాయి. సెకనులో 250వ వంతయితే 4 సెంటీమీటర్లే. అంత తక్కువ సేపట్లో వెలుతురు తక్కువ పడుతుంది కాబట్టి, ట్రైపాడ్ బరువుకు బదులు ఎక్కువ వెలుతురును రానిచ్చే ఎఫ్/1.8 లెన్సు ఒకటి పెట్టుకుని, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోండి.

లెన్సులోని స్టెబిలైజేషన్ అంతా చూసుకుంటుందన్నది చాలామంది అపోహ. అది సరిదిద్దేది చేతి వణుకును, ఓడ ప్రయాణాన్ని కాదు.